రావుల సొరుగులో రెండు కార్డులు

1969 జూన్‌లో నన్ను వాయుసేన రికార్డుల ఆఫీసుకు బదిలీ చేశారు. అప్పటికి నేను కార్పొరల్‌ని. నా ట్రేడు, అంటే సర్వీసులో నాకు అప్పగించిన వృత్తి, క్లార్కు. వాయుసేన అనగానే అందరికీ విమానం, అందులో కూర్చున్న పైలట్ కనిపిస్తారు. ఆ ఒక్క విమానం పైకి లేవాలంటే ఇంజను చూసేవాడు, వైర్‌లెస్ చూసేవాడు, ఇంధనం బండి తోలేవాడు, వంటవాడు, వీళ్ళందరి కాగితాలు చూసే నాలాంటివాడు నేల మీద ఉండాలి. మమ్మల్ని ఎయిర్‌మెన్ అంటారు. ఎయిర్‌క్రాఫ్ట్‌మన్‌గా చేరినవాడు లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, కార్పొరల్, సార్జెంట్ మెట్లు ఎక్కి, కలిసొస్తే వారెంట్ ఆఫీసర్ దాకా వెళ్తాడు. ఆఫీసర్లది వేరే నిచ్చెన.

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇంగ్లీషువాళ్ళ విమానాలతో పాటు వాళ్ళ ఫారాలు కూడా మనకు మిగిలాయి. చైనా యుద్ధం తర్వాత వాయుసేన చాలా వేగంగా పెరిగింది. రష్యా నుంచి కొత్త విమానాలు వచ్చాయి, కొత్త స్క్వాడ్రన్లు వెలిశాయి, మా జిల్లాల నుంచి కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా చేరారు. ఫారాలు మాత్రం మారలేదు. ఆ ఫారంలో ఇంటిపేరు చివర రాయాలి. మనకేమో ఇంటిపేరు ముందు ఉంటుంది, చివర రావు ఉంటుంది. చేర్చుకునే చోట కూర్చున్న ఉత్తరాది గుమాస్తాకు ఈ తేడా తెలియదు. అందువల్ల కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళలో సగం మందికి ఇంటిపేరు రావు అయిపోయింది. మా ఆఫీసులో కార్డులు పెట్టే బీరువాలో ఒక్క రావులకే నాలుగు సొరుగులు నిండేవి. వాళ్ళను ఒకరి నుంచి ఒకరిని విడదీసేది సర్వీసు నంబరు ఒక్కటే.

ప్రతి ఎయిర్‌మన్‌కు ఒక కార్డు ఉంటుంది. పైన నంబరు, హోదా, పేరు, ట్రేడు, యూనిట్. కింద, అతనికేమైనా జరిగితే కబురు అందాల్సిన దగ్గరి బంధువు పేరు, అడ్రసు. ఆ అడ్రసు మారితే పాతదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, కొత్తది రాసి, పొట్టి సంతకం చేసి, పక్క గుమాస్తాతో నంబరు సరిచూపించాలి. ఇది నియమం. పని ఎక్కువైనప్పుడు మేం చేసింది వేరు. కొత్త అడ్రస్‌లన్నీ బంధువుల పేర్లతో సహా ఒకేసారి చీటీల మీద టైపు చేసి, కత్తిరించి, బంకతో పాత అడ్రసు మీద అతికించేవాళ్ళం. చూడటానికి శుభ్రంగా కూడా ఉండేది.

1971 నవంబరు ఆఖరి వారంలో నేను సెలవు మీద తెనాలి వచ్చాను. మాది దుగ్గిరాల దగ్గర పల్లె. మా నాన్నకు తెనాలి ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది. ఆయన ఇంకా మంచం దిగకుండానే యుద్ధం మొదలైంది. సెలవులో ఉన్నవాళ్ళంతా వెంటనే యూనిట్లకు చేరాలని రేడియోలో చెప్పారు. బుధవారం సాయంత్రం నేను పెట్టె సర్దుకుని, ఆసుపత్రి వరండాలో మా అమ్మకు మందులు వేసే వేళలు చెబుతుండగా, మా అన్నయ్య పోస్టాఫీసు నుంచి టెలిగ్రాం తెచ్చాడు. మా సెక్షన్‌కు అధికారి అయిన ఫ్లైట్ లెఫ్టినెంట్ పంపింది. అంత పొడుగు టెలిగ్రాం నేను అంతకు ముందు చూడలేదు.

దాని సారాంశం ఇది. ఆదివారం ఉదయం పశ్చిమ సరిహద్దులోని ఒక స్థావరం మీద బాంబులు పడ్డాయి. రావు కె. ఎస్., లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, కనిపించడం లేదు, మరణించి ఉండవచ్చు అని యూనిట్ నుంచి సందేశం వచ్చింది. నంబరు చివరి రెండంకెలు ముప్ఫై ఎనిమిది. ఆ కార్డు తీసి, దాని మీద ఉన్న రేపల్లె అడ్రస్‌కు టెలిగ్రాం ఇచ్చారు. వెంటనే అక్కడి నుంచి తిరుగు టెలిగ్రాం వచ్చింది: మా అబ్బాయి నంబరు చివర ఎనభై మూడు, మీరు పంపింది ముప్ఫై ఎనిమిది, సరిచూడండి. ఆఫీసులో వెతికితే ఎనభై మూడు నంబరుతో ఇంకో రావు కె. ఎస్. ఉన్నాడు. ఇద్దరూ ఒకే స్థావరంలో ఉన్నారు. రెండు కార్డుల మీదా దగ్గరి బంధువుగా ఒకే తల్లి పేరు ఉంది. ముప్ఫై ఎనిమిది కార్డు మీద ఉన్నది అతికించిన చీటీ. దాన్ని ఊడదీస్తే కింద సిరా అంతా బంకతో లేచి వచ్చేసింది, బాపట్ల తాలూకా అన్న రెండు మాటలు తప్ప. అసలు పత్రాల పెట్టెలను యుద్ధ భయంతో వేరే ఊరికి తరలించారు, అవి వెంటనే దొరకవు. యూనిట్‌ను మళ్ళీ అడిగారు, జవాబు రాలేదు. నేను తిరుగు ప్రయాణం ఆపి, రేపల్లెలోనూ బాపట్లలోనూ ఉత్తరాల మీద నంబర్లు చూసి, ఏ నంబరు ఏ ఇంటిదో తెలియజేయాలి. ధ్రువీకరణ వచ్చేదాకా ఏ కుటుంబానికీ ఏమీ చెప్పకూడదు.

చివరి వాక్యం: చీటీ మీద పొట్టి సంతకం నీది.

ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవడానికి రాత్రంతా ప్రయత్నించాను. అలాంటి చీటీలు వందలు అతికించాను. ఒక్కటీ విడిగా గుర్తు రాలేదు. యూనిట్ వాళ్ళే అంకెలు తిరగేసి ఉంటే టెలిగ్రాం వెళ్ళాల్సిన ఇంటికే వెళ్ళి ఉండవచ్చు కదా అని కూడా ఆశపడ్డాను. అలా ఆశపడటమంటే రేపల్లెలో ఆ తల్లి కొడుకు పోవాలని కోరుకోవడమేనని కాసేపటికి గాని తట్టలేదు.

గురువారం ఉదయం రేపల్లె బండి ఎక్కాను. యూనిఫాం వేసుకోలేదు. యూనిఫాంలో ఉన్నవాడు ఇంటి ముందు నిలబడితే ఏమనుకుంటారో నాకు తెలుసు. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే రెండు వైపులా కోత కోసిన పొలాలు, వరి పనలు కట్టే జనం. పెట్టెలో అందరూ యుద్ధం గురించే మాట్లాడుతున్నారు. ఎన్ని విమానాలు కూల్చాం అని ఒకాయన నన్నే అడిగాడు. నాకు తెలియదండి అన్నాను.

కార్డుల మీది ఆ తల్లి, కాకుమాను సుగుణమ్మగారు, లూథరన్ మిషన్ బడిలో టీచరు. భర్త లేడు, ఒక్కడే కొడుకు. బడి వెనక రెండు గదుల ఇల్లు. నేను వెళ్ళేసరికి వరండాలో చర్చి ఆడవాళ్ళు ముగ్గురు చాప మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడవాలో అక్కర్లేదో వాళ్ళకింకా తెలియదు. ఆమె లోపల బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద కొడుకు ఉత్తరాలన్నీ తేదీల వారీగా పేర్చి ఉన్నాయి, పక్కన మా టెలిగ్రాం.

నేను ఎవరినో, ఎక్కడి నుంచి వచ్చానో చెప్పాను. సరిచూడటానికి వచ్చానండి అన్నాను.

“కూర్చో బాబూ,” అందామె. “ముప్ఫై ఏళ్ళు పిల్లల పలకలు దిద్దాను. అంకె తిరగబడితే నా కంటికి కనపడుద్ది. వాడికి ఉత్తరం రాసిన ప్రతిసారీ కవరు మీద ఆ నంబరు నా చేత్తో రాసుకున్నదే కదా. ఇది వాడిది కాదు.”

కవర్లు ఒక్కొక్కటే చూశాను. అన్నింటి మీదా చివర ఎనభై మూడే. అప్పుడామె ఒక నోటు పుస్తకం తీసింది. ఏప్రిల్‌లో ఆమెకు నగరం అనే ఊరి బడి నుంచి రేపల్లె బడికి బదిలీ అయింది. అడ్రసు మార్చమని మా ఆఫీసుకు ఉత్తరం రాసి, దాని నకలు ఆ పుస్తకంలో ఉంచుకుంది. పేరు, హోదా, నంబరు, పాత అడ్రసు, కొత్త అడ్రసు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎనభై మూడు అని అంకెల్లో రాసి, కింద అక్షరాల్లో కూడా రాసింది. ఆమె వైపు ఏ తప్పూ లేదు. ఆ ఉత్తరం నా బల్ల మీదకు వచ్చింది, నేను చీటీ టైపు చేశాను, రావుల సొరుగులో ముప్ఫై ఎనిమిది మీద అతికించాను. అది ఇక అనుమానం కాదు.

ఆమె నా ముఖమే చూస్తోంది.

“ఒక్క మాట అడుగుతాను. అంకె తప్పా, అడ్రసు తప్పా?”

“అది తేల్చడానికే వచ్చానండి.”

“అంకె తప్పయితే నా కొడుకు. అడ్రసు తప్పయితే ఇంకొకళ్ళ కొడుకు. అంతేనా?”

“అంతేనండి.”

ఏమీ చెప్పకూడదన్న ఆజ్ఞ అక్కడితో పోయింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలనివ్వకుండా ఆమే తేల్చేసింది. ఆమె ఉత్తరాల్లోంచి ఒకటి లాగింది. సెప్టెంబరుది. ఇక్కడ నా పేరువాడే ఇంకొకడు ఉన్నాడమ్మా, కొక్కిలిగడ్డ సుందరరావు, బాపట్ల దగ్గర సూర్యలంక వైపు పల్లెపాలెం, వాళ్ళ నాన్న పోలయ్య సముద్రం మీదకు వెళ్తాడు, వాడు ఇంజను ఫిట్టరు, నేను ఇంధనం బండి డ్రైవరుని, ఇద్దరం కలిసి వండుకుంటున్నాం, నువ్విచ్చిన గోంగూర పచ్చడి వాడే సగం తినేశాడు అని రాశాడు కొడుకు.

“ఈ పిల్లవాడేనా?” అంది.

ఆమె ఆ ఉత్తరం మడిచి మళ్ళీ దాని చోట పెట్టింది.

“పొద్దున్నుంచీ వీళ్ళంతా ప్రార్థన చేద్దామంటున్నారు. ఏమని చెయ్యను బాబూ? మావాడు బతికుండాలని అడిగితే ఆ పిల్లవాణ్ణి...” అని ఆగిపోయింది.

లేచి వస్తుంటే ఆ అడ్రసు మార్చిందెవరో మీ ఆఫీసులో తెలుస్తుందా అని అడిగింది. విచారణలో తెలుస్తుందండి అన్నాను. నేనే అని చెప్పే ధైర్యం ఆ రోజు లేకపోయింది.

తెనాలి తిరిగి వచ్చి ఆఫీసుకు టెలిగ్రాం కొట్టాను. చీటీ పొరపాటు నాదే, ఎనభై మూడు రేపల్లెది, ముప్ఫై ఎనిమిది కొక్కిలిగడ్డ పోలయ్య కొడుకు అని విన్నాను, రేపు బాపట్లలో చూస్తాను, జవాబు బాపట్ల పోస్టాఫీసుకు పంపండి అని. తప్పు నాదేనన్న మాట రాసేటప్పుడు కలం ఆగింది. అది రాయకపోయినా పని జరిగేది. కాని నంబరు మీద ఇంకా అనుమానం ఉందని ఆఫీసువాళ్ళు అనుకుంటే ఇంకో రెండు రోజులు పోతాయి. అందుకని రాశాను.

శుక్రవారం ఉదయం బాపట్లలో దిగి, పెట్టె స్టేషన్‌లో ఉంచి, అద్దె సైకిలు తీసుకుని సూర్యలంక దారి పట్టాను. జీడిమామిడి తోటలు దాటాక ఇసుకలో సైకిలు కదల్లేదు. నడిపించుకుంటూ పోయాను. పల్లెపాలెంలో పోలయ్య ఇల్లు అడిగితే, ఒడ్డున వల బాగుచేస్తున్న మనిషిని చూపించారు. అరవై ఏళ్ళుంటాయి. ఎండకు నల్లబడ్డ ఒళ్ళు, కాలి బొటనవేలికి వల అంచు తగిలించి పట్టుకుని అల్లుతున్నాడు. నేను వాయుసేన గుమాస్తానని, ఎయిర్‌మెన్ ఇళ్ళ అడ్రసులు సరిచూస్తున్నానని చెప్పాను. అది అబద్ధం కాదు.

“రండి బాబూ, ఇంటికి పోదాం రండి,” అని వల అక్కడే వదిలి లేచాడు. “యుద్ధం అంటన్నారు కదండీ. మావోడు బాగానే ఉన్నాడా అండి?”

“నా దగ్గరికి ఆ కబుర్లు రావండి,” అన్నాను.

ఇంటి దగ్గర కోడలు నాగమణి నాకు మంచం వేసి మజ్జిగ ఇచ్చింది. పెళ్ళై ఏడాది. నంబరు చూడాలి, అతను రాసిన ఉత్తరాలేమైనా ఉంటే ఇవ్వమని అడిగాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక రేకుపెట్టె తెచ్చింది. కవర్ల వెనక పంపినవాడి నంబరు ఉంది. చివర ముప్ఫై ఎనిమిది. అన్నింటి మీదా అదే. నేను వచ్చిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఉత్తరాలు తిరిగి ఇస్తుంటే ఆమె ఇంకొకటి తీసింది. అది ఇంకా విప్పలేదు.

“ఇది మొన్న వచ్చిందండి. మాకు చదివిపెట్టే మేష్టారు ఊరెళ్ళారు. కాస్త చదివి పెడతారా అన్నయ్యా?”

పోలయ్య అప్పటికే నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కాదనడానికి నాకు ఏ కారణమూ దొరకలేదు. కవరు చింపాను. తేదీ చూశాను. యుద్ధం మొదలు కావడానికి నాలుగు రోజుల ముందు రాసింది. ఆ తేదీ చూడగానే నాలో మిగిలిన కాస్త ఆశ కూడా తగ్గింది. ఆదివారం తర్వాత రాసినదైతే మనిషి బతికున్నట్టే కదా.

చదవడం మొదలుపెట్టాను. నాన్నకు, నాగమణికి, నేను క్షేమం, ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. నాన్నా, నీ మోకాలు నొప్పి తగ్గేదాకా పడవ ఎక్కొద్దు, బావను పంపించు. ఇంటి కప్పు తాటాకు ఈ ఏడు మార్పించండి, పడమటి వైపు కారుతుంది. నాగమణికి చెప్పేది ఏమంటే, చదువు నేర్చుకుంటానన్నావు, మొదలుపెట్టావా? నేను వచ్చేసరికి నీ పేరు నువ్వు రాయాలి. రేపల్లె సుందరరావు వాళ్ళ అమ్మగారు టీచరు, ఆమెను అడిగి పలక మీద అక్షరాలు రాయించి పంపుతానన్నాడు.

ఒక చోట ఆగిపోయాను. నాగమణి అర్థం కాలేదా అన్నయ్యా, ఆయన రాత అంతే అని నవ్వింది. చివరి దాకా చదివి, మడిచి ఇచ్చాను. వాళ్ళిద్దరి ముఖాల్లోనూ ఎంతో తృప్తి. పోలయ్య ఎండుచేపలు ఒక పొట్లం కట్టి నా సైకిలుకు తగిలించబోయాడు. వద్దంటే బాధపడతాడని తీసుకున్నాను.

బాపట్ల పోస్టాఫీసులో మధ్యాహ్నం రెండు గంటలకు టెలిగ్రాం ఇచ్చాను. ముప్ఫై ఎనిమిది కొక్కిలిగడ్డ సుందరరావు, భార్య నాగమణి, తండ్రి పోలయ్య, చూశాను, మరణించిందెవరో యూనిట్ నుంచి ధ్రువపరచండి. ఆ తర్వాత నాకు చేయడానికి పని లేదు. ఆఫీసు మూసేదాకా కౌంటరు దగ్గరి బెంచీ మీద కూర్చున్నాను. యంత్రం టకటకలాడినప్పుడల్లా లేచేవాణ్ణి. తంతి గుమాస్తా జాలిపడి, వస్తే నేనే పిలుస్తానండి, టిఫిన్ చేసి రండి అన్నాడు. నేను వెళ్ళలేదు. రాత్రికి రైల్వే స్టేషన్‌లో ఉండి, పొద్దున్నే మళ్ళీ అదే బెంచీకి వచ్చాను. యూనిట్ నుంచి ఏ జవాబు రావాలని కోరుకోవాలో తెలియక కూర్చోవడం అంత కష్టమైన పని సర్వీసు మొత్తంలో ఇంకొకటి చేయలేదు.

శనివారం పదకొండున్నరకు వచ్చింది. ముప్ఫై ఎనిమిది మరణం ధ్రువపడింది. ఎనభై మూడు క్షేమం. దగ్గరి బంధువులకు స్వయంగా తెలియజేయండి. ఉత్తరం వెనక వస్తుంది.

రేపల్లెకు మూడు మాటల టెలిగ్రాం పంపి, మళ్ళీ సైకిలు తీసుకున్నాను. ఈసారి పెట్టెలోంచి యూనిఫాం తీసి వేసుకున్నాను. అలా వెళ్ళాలని ఎవరూ చెప్పలేదు. నోరు విప్పే ముందే వాళ్ళకు కొంత తెలిస్తే మంచిదనిపించింది.

పోలయ్య దూరం నుంచే చూశాడు. చూసి, చేతిలో పని ఆపేశాడు గాని లేవలేదు. నేనే దగ్గరకు వెళ్ళి ఇసుకలో కూర్చున్నాను. మీ అబ్బాయి సుందరరావు పోయిన ఆదివారం ఉదయం స్థావరం మీద బాంబులు పడినప్పుడు చనిపోయాడండి అన్నాను. అంతకంటే తిప్పి చెప్పడం నాకు చేతకాలేదు.

అతను సముద్రం వైపు తిరిగి అడిగాడు:

“నిన్న ఉత్తరం చదివేటప్పుడు నీకు తెలుసా బాబూ?”

“అనుమానం ఉందండి. నిజం ఇవాళే తెలిసింది.”

“ఆదివారం జరిగితే ఇయ్యాల శనివారం. ఇన్నాళ్ళూ ఈ కబురు ఎక్కడుంది?”

ఆ ప్రశ్నకు మాత్రం అబద్ధం చెప్పలేదు. మీ అబ్బాయి కార్డు మీద ఇంకొకరి అడ్రసు పడింది, కబురు రేపల్లెలో ఒక టీచరమ్మగారి ఇంటికి వెళ్ళింది, ఆ అడ్రసు అతికించింది నేనే అని చెప్పాను. అతను తిట్టలేదు. కొట్టినా నేను కదిలేవాణ్ణి కాదు. అతను వల పక్కన పెట్టి లేచాడు. “ఆ పిల్లకు నేను చెప్తాను. నువ్వు గడప దగ్గర ఉండు. అది ఏవన్నా అడిగితే చెప్పు,” అన్నాడు.

నాగమణి అడిగింది. తిన్నాడా, తినకుండా పనికి వెళ్ళాడా? ఎక్కడ తగిలింది? పక్కన ఎవరున్నారు? ఎవరన్నా నీళ్ళు పోశారా? ఎక్కడ పెట్టారు? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. నా దగ్గర ఉన్నది నంబరు, హోదా, పేరు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. పొద్దు వాలే ముందు పోలయ్య ఆ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్ళీ చదవమన్నాడు. చదివాను. మోకాలు నొప్పి గురించి రాసిన చోట ఆపమని, ఆ ముక్క ఇంకోసారి చదివించుకున్నాడు.

నేను ఆఫీసుకు చేరాక విచారణ జరిగింది. నా ప్రకటనలో ఏం చేశానో, ఏ నియమం తప్పానో రాశాను. తీవ్రమైన మందలింపు నా కాగితాల్లోకి ఎక్కింది. సార్జెంట్ కావడం రెండేళ్ళు వెనక్కి పోయింది. అది న్యాయమేననుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. సుగుణమ్మగారికి ఉత్తరం రాసి, ఆ రోజు దాచిన మాట చెప్పాను. ఆమె జవాబులో నా తప్పు గురించి ఒక్క ముక్క లేదు. తాను పల్లెపాలెం వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చానని, వేసవి సెలవుల్లో నాగమణిని తన దగ్గర ఉంచుకుని చదువు చెబుతానని రాసింది. చెప్పింది కూడా. 1974లో ఆ అమ్మాయి ఒక బాలవాడిలో ఆయాగా చేరినట్టు నాకు ఆమే తెలియజేసింది.

ఆదివారం ఏం జరిగిందో సుగుణమ్మగారి కొడుకే తర్వాత నాకు రాశాడు. విమానానికి ఇంధనం పోస్తుండగా సైరన్ మోగింది. అందరూ కందకాల్లోకి దూకారు. గొట్టం తగిలించి ఉంటే ఇంధనం బండి కదలదు, కదలకపోతే అక్కడ ఉన్న విమానాలన్నీ అంటుకుంటాయి. ఫిట్టరు సుందరరావు వెనక్కి వెళ్ళి గొట్టం విడదీసి, పొమ్మని చెయ్యి ఊపాడు. డ్రైవరు సుందరరావు బండిని దూరంగా తోలుకుపోయాడు. తిరిగి చూసేసరికి విమానం ఉన్న చోట గొయ్యి ఉంది. మొదటి రోజు కనిపించడం లేదని సందేశం ఇచ్చింది అందుకే. ఈ వివరమంతా నేను ఉత్తరంగా రాసి పల్లెపాలెం పంపాను.

నేను 1980ల చివర్లో ఆ సెక్షన్‌కే వారెంట్ ఆఫీసర్‌గా తిరిగి వచ్చాను. బంక సీసాలు తీయించేశాను. ఒకడు కార్డు మీది నంబరు పైకి చదవాలి, రెండోవాడు అసలు పత్రం చూసి ఔనో కాదో చెప్పాలి, ఆ తర్వాతే టెలిగ్రాం కదలాలి. ఇది కొత్త నియమం కాదు, పాతదే, పాటించలేదు అంతే. ఇంకొకటి మాత్రం నేను కలిపాను. మరణ సందేశం ఇచ్చిన యూనిట్‌ను వెంటనే ఐదు ప్రశ్నలు అడగాలి. అతను ఏ పని మీద ఉన్నాడు, పక్కన ఎవరున్నారు, గాయం ఎక్కడ, ఎవరు చూశారు, ఎక్కడ అంత్యక్రియలు చేశారు. ఇంటికి మనిషిని పంపితే అవి తెలుసుకున్నాకే పంపాలి. యుద్ధం లేని రోజుల్లో కూడా, రోడ్డు ప్రమాదానికైనా జ్వరానికైనా, అదే పద్ధతి. దానివల్ల ఆలస్యమవుతోందని పై ఆఫీసర్లు రెండుసార్లు అడిగారు. అవుతుంది సార్ అని ఒప్పుకుని, పద్ధతి మార్చలేదు. తప్పు కబురైనా, సగం కబురైనా, సరైన కబురైనా మోసేవాడి చేతిలో ఒకటే బరువు, అందుకునేవాళ్ళకే తేడా తెలుస్తుంది. నా ఉద్యోగం ఆ తేడా కోసమేనని నేను నేర్చుకోవడానికి ఇద్దరు సుందరరావులు కావలసి వచ్చారు. ఆ తర్వాత ఆ సెక్షన్‌లో నేను ఉన్నన్నాళ్ళూ ఒక్క టెలిగ్రాం కూడా తప్పు ఇంటికి వెళ్ళలేదు.